ఎత్తకూడని కాల్

"మనిషి ఊరు దాటలేదు. ఇదిగో, వాడి నంబరే చెబుతోంది" అన్నాడు సిల్వింబా, చేతిలోని ఫోన్ కంపెనీ ముద్ర కాగితాన్ని చిలేషే ముక్కు కింద ఆడిస్తూ.

చిలేషే ఆ కాగితం అందుకోలేదు. మెడలో వేలాడుతున్న కళ్ళజోడు కూడా పెట్టుకోలేదు.

"నంబరు చెబుతోందా? నంబరుకి నోరెప్పుడొచ్చింది నాయనా?" అంది.

బడ్డీ ముందు మూగిన లారీ డ్రైవర్లు గొల్లున నవ్వారు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. బడ్డీ లోపల బనా లుసేని స్టూలు మీంచి లేవమని సార్జెంట్ న్గాండు చెయ్యి ఊపుతున్నాడు. అతని రెండో చేతిలో బేడీలున్నాయి.

ఐదు రోజుల కిందట గెర్షోమ్ సికాజ్వే అనే డ్రైవర్, చిపుంగు కంపెనీ లారీలో నిండా రాగి పలకలతో జాంబియా అంచునున్న ఈ నకోండే నుంచి బయల్దేరి, సరిహద్దు గేటు దాటి, టాంజానియా వైపున్న తుండుమాలోకి వెళ్ళాడు. దారేస్సలాం రేవుకి చేరవలసిన ఆ లారీ మర్నాడు ఎంబేయా దారిలో ఒక కొండ మలుపు దగ్గర ఖాళీగా కనబడింది. రాగి లేదు. గెర్షోమూ లేడు. కంపెనీ కాపలా వ్యవహారాలన్నీ చూసే రాడ్వెల్ సిల్వింబా ఒక్క పూటలో కేసు తేల్చేశాడు. గెర్షోమే దొంగ. పాస్‌పోర్టు మీద ముద్ర వేయించుకుని, అవతల లారీని దొంగల ముఠాకి అప్పగించి, కాలిబాటన వెనక్కొచ్చి నకోండేలోనే దాక్కున్నాడు. దాచింది సిమ్ కార్డులమ్ముకునే బనా లుసే. ఎందుకంటే గెర్షోమ్ నంబరు ఈ ఐదు రోజులూ ఆమె బడ్డీ ఉన్న చోటు నుంచి కదల్లేదు.

ఈ కథ నమ్మి కంపెనీ వాళ్ళు ఈ పొద్దున గెర్షోమ్ భార్య ఎస్నార్ట్ సామాను క్వార్టర్ బయటికి విసిరేశారు. న్షిమా సంకటి వండుకునే గిన్నెతో సహా. పిల్లదాని బడి సంచీ బురదలో పడింది. దొంగ పెళ్ళామా అని గేటు కాపలావాడు అందరి ముందూ అరిచాడట. చిలేషే కపెంబ్వా అక్కణ్ణించే నేరుగా వచ్చింది. డ్రైవర్ల సంఘం తరఫున దర్యాప్తులు చేసే ఆమెకి యాభై దాటాయి. ఎడమ మోకాలు మాట వినదు. కోపం ఆమెకి కొత్తేం కాదు గానీ, ఆ బురద సంచీ మాత్రం కళ్ళముందు నుంచి కదలడం లేదు.

"సార్జెంట్ గారూ, ఆ ఇనప గాజులు కాసేపు జేబులో పెట్టుకోండి. ఈవిణ్ణి నేను నాలుగు మాటలడగాలి" అంది.

"చిలేషే గారు ఇంకా మారలేదు" అన్నాడు సిల్వింబా. ఒకప్పుడు ఇద్దరూ ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చుని పనిచేసినవాళ్ళు. తర్వాత అతను కంపెనీ జీతానికీ, ఇస్త్రీ చొక్కాకీ వెళ్ళిపోయాడు. "సంఘం వాళ్ళు టీ నీళ్ళయినా ఇస్తున్నారా?"

"ఇస్తున్నారు. తాగింది అరుగుతోంది కూడా. నీకు అరుగుతోందా?"

అతను వెనక్కి తిరిగి తన ట్రక్కు వైపు చూశాడు. అదొక చిన్న తెల్ల ట్రక్కు. జపానులో వాడి వాడి ఇక్కడికి తోసేసిన బళ్ళలో ఒకటి. వెనక్కి నడిపితే చాలు, అందులోంచి ఒక ఆడగొంతు జపాను భాషలో ఏదో హెచ్చరిక చెబుతుంది. అలాంటి బళ్ళు ఊళ్ళో చాలానే ఉన్నాయి గానీ దీని గొంతుకి ఏదో జబ్బు చేసింది. సగం మాటలో ఆగిపోయి, ఎక్కిళ్ళొచ్చినట్టు మళ్ళీ మొదట్నించీ అందుకుంటుంది. ఇందాక అతను బడ్డీ ముందుకి దాన్ని వెనక్కి నడుపుకుంటూ వస్తుంటే, "సార్ రెండో పెళ్ళాం తిడుతోందిరోయ్" అని డ్రైవర్లు దారిచ్చారు.

చిలేషే బడ్డీలోకి వంగి వెళ్ళింది. లోపల ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళు ఊపిరి బిగబట్టాలి. పక్క గోడంతా గుడ్డ సంచులు. రంగురంగుల చిటెంగే గుడ్డలతో కుట్టిన అరచేతంత సంచులు, వరసగా మేకులకి వేలాడుతున్నాయి. ప్రతి సంచిలో ఒక పాత ఫోన్. ఒక్కదాని మీదా పేరు లేదు.

"చెప్పు బనా లుసే. సార్జెంటుకి వినబడేట్టు చెప్పు. ఇవన్నీ ఏమిటి?"

"ఊరందరికీ తెలిసిందేగా అమ్మా!" బనా లుసే గట్టిగానే అంది. కూతురు లుసే పుట్టినప్పట్నించీ ఆమెని లుసే తల్లి అనే ఆ పేరుతోనే పిలుస్తారు, అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. "ఇక్కడి సిమ్ పట్టుకుని అవతలికెళ్తే ఏమవుద్ది? రోమింగంటారు. పెళ్ళానికో ఫొటో పంపితే వారం కూలి హుష్‌కాకి. పోనీ అక్కడి సిమ్ ఏసుకుని దీన్ని జేబులో పడేస్తారా, ఇక్కడి నంబరు చచ్చినట్టే. ఇంట్లోవాళ్ళు చేస్తే పలకదు. బ్యాంకు మెసేజీ రాదు. పిల్లకి జొరమొచ్చినా తెలీదు. అందుకని ఇక్కడి సిమ్ నా దగ్గర పెట్టిపోతారు. నేను పాత ఫోన్లో ఏసి బతికించి ఉంచుతా. ఏదొచ్చినా వాట్సాప్‌లో నా గొంతుతో చదివి పంపుతా. వాళ్ళు అక్కడి సిమ్‌లో డేటా ఏసుకుని వింటారు."

"అంటే మనిషి దారేస్సలాంలో, నంబరు నీ గోడకి."

"నా గోడకే."

"ఏ ఫోన్ ఎవరిదో ఎలా తెలుసు?"

"గుడ్డని బట్టి. సగం గుడ్డ నా దగ్గర సంచీ, సగం గుడ్డ వాళ్ళ లారీ అద్దానికి. తిరిగొచ్చి గుడ్డ చూపిస్తేనే సిమ్ ఇస్తా. తమ్ముడొచ్చినా ఇవ్వను, పాస్టరొచ్చినా ఇవ్వను."

చిలేషే సార్జెంట్ వైపు తిరిగింది. "లెక్కపెట్టండి సార్. ఈ గోడ మీద ఉన్న డ్రైవర్లందరూ ఆ కాగితం ప్రకారం ఈ బడ్డీలోనే కూచుని ఉన్నారు. కనబడుతున్నారా? కొంచెం జరగమనండి, నా కాలు తొక్కుతున్నారు."

బయట మళ్ళీ నవ్వులు. సార్జెంట్ న్గాండు మంచివాడే గానీ, కాగితం మీద రబ్బరు ముద్ర కనబడితే బుర్ర ఆగిపోయే రకం. అతను గోడ వైపూ కాగితం వైపూ మార్చి మార్చి చూశాడు.

"కథ బాగుంది" అన్నాడు సిల్వింబా గుమ్మానికి ఆనుకుని. "ఇలాంటి కథలు నా దగ్గర చెల్లవు చిలేషే గారూ. నేనేం రాజధాని లుసాకా నించి ఊడిపడలేదు. మా అమ్మ ఇదే సంతలో టమాటాలమ్మింది. ఈ సరిహద్దులో పాకడం నేర్చుకున్నవాణ్ణి. ఇక్కడి వేషాలన్నీ నాకు తెలుసు."

"తెలిస్తే మరీ మంచిది. ఒక్క సంగతి చెప్పు. డ్రైవర్లు సిమ్‌లు ఇలా ఎందుకు దాచుకోవలసి వస్తోంది? బయటిదేశంలో ఫోన్ ఖర్చని సరుకువాళ్ళ దగ్గర మీ కంపెనీ వసూలు చేస్తుందా లేదా?"

"అది కంపెనీ వ్యవహారం."

"చేస్తుంది!" బయట్నించి ఒక ముసలి డ్రైవర్ కేకేశాడు. "మాకేమో రోమింగ్ వాడితే జీతంలో కోతేస్తుంది! కిందటేడు మా తోటి డ్రైవర్ కాసోండే, బండి బోల్తాపడి, ఫోన్లో డేటా లేక, పొద్దుపోయేదాకా రోడ్డు పక్కన చేతులూపుకుంటా కూచున్నాడు. కాలు తీసేశారు!"

"విన్నావా రాడ్వెల్?" చిలేషే గొంతు పెరిగింది. "వీళ్ళ నోటి దగ్గర మాట మీరే లాక్కుంటారు. వీళ్ళేదో తంటాలు పడి ఇంటితో ముడి తెగకుండా చూసుకుంటే, ఆ తంటానే పట్టుకుని దొంగలంటారు. సిగ్గనేది ఉంటే కదా!"

సిల్వింబా భుజాలెగరేశాడు. "ఉపన్యాసమయితే పని చూసుకుందాం."

చిలేషే ఊపిరి పీల్చుకుని గోడ వైపు తిరిగింది. కోపంలో కళ్ళు సరిగ్గా పనిచెయ్యవని ఆమెకి అనుభవమే. "గెర్షోమ్‌ది ఏది?"

బనా లుసే పసుపు గుడ్డ సంచీ చూపించింది, గిన్నెకోళ్ళ బొమ్మలున్నది. చిలేషే చేత్తో ముట్టుకోకుండా ముందు సంచీ మూతి ముడి చూసింది. మిగతా వాటిలాగే ఉంది. ఫోన్ తీసి వెలిగించింది. ఎస్నార్ట్ చేసిన కాల్స్, ఒకటి కాదు, స్క్రీన్ నిండా. చర్చివాళ్ళ మెసేజీ. వాటి మధ్య ఆరంకెల మెసేజీ ఒకటి. వాట్సాప్ కోడ్. లారీ ఖాళీగా దొరికిన రోజు పొద్దున వచ్చింది.

"ఇదేమిటి?"

"అదే నాకూ అనుమానమేసింది" అంది బనా లుసే. "అది రాగానే నా ఫోన్‌కి తెలీని నంబర్నించి ఒక రాత మెసేజీ వచ్చింది. 'నేను గెర్షోమ్‌ని, ఫోన్ పగిలింది, వేరే ఫోన్ తీసుకున్నా, ఇప్పుడొచ్చిన కోడ్ చెప్పు' అని. అట్టా నెలకి పదిమంది అడుగుతారు. నాకో పద్ధతుంది. గొంతు వినిపించు, నీ గుడ్డ మీద బొమ్మేంటో చెప్పు అన్నా. అంతే, మళ్ళీ పలకలేదు."

"నువ్వు కోడ్ ఇవ్వలేదు."

"గొంతు వినకుండా ఇస్తానా! నా నోట్లో అన్నం పెట్టే పని అది."

చిలేషే ఫోన్ పట్టుకుని గుమ్మం దగ్గరికి వచ్చింది. ఇప్పుడు కళ్ళజోడు పెట్టుకుంది.

"రాడ్వెల్, గెర్షోమ్ సిమ్ ఈ బడ్డీలో ఉందని నీకెప్పుడు తెలిసింది?"

"ఇవాళ పొద్దున. ఈ కాగితం వచ్చాక."

"అప్పటిదాకా?"

"అప్పటిదాకా వాడి జేబులోనే ఉందనుకున్నాం. ఇప్పటికీ వాడూ దాని పక్కనే ఉన్నాడంటున్నాను."

"సరే. సిమ్ పక్కనే ఉన్న మనిషి, దానికి వచ్చిన కోడ్ ఏమిటని ఇంకొకరిని అడుగుతాడా?"

సిల్వింబా కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అడగడు. అడిగినవాడు గెర్షోమ్ కాదు. గెర్షోమ్ వెంట తీసుకెళ్ళిన పెద్ద ఫోన్ ఆ అడిగినవాడి చేతిలో ఉంది, అది తెరుచుకోవడం లేదు. అందుకని గెర్షోమ్ వాట్సాప్‌ని తన ఫోన్లోకి ఎక్కించుకోవాలనుకున్నాడు. ఎస్నార్ట్‌కి నాలుగు మెసేజీలు పెడితే చాలు కదా, నకోండేలోనే దాక్కున్నాను, ఎవరికీ చెప్పకు అని. ఇంక గెర్షోమ్ దొంగని తేల్చడానికి ఏ జడ్జీ అక్కర్లేదు. వాడెవడో గానీ, సిమ్ ఈ గోడ మీదుందని నీ కాగితం రాకముందే తెలిసినవాడు. ఈ సరిహద్దు వేషాలన్నీ తెలిసినవాడు."

సార్జెంట్ మెల్లగా బేడీల్ని జేబులోకి జార్చాడు. అది చూసి సిల్వింబా బడ్డీలోకి రెండడుగులేశాడు. "డ్రైవర్ల సంఘం మాటలు విని దొంగని వదిలేస్తారా సార్జెంట్? మీ పై అధికారికి నేను ఫోన్ చెయ్యాలా?" అంటూ వెనక గోడ దాకా వచ్చాడు, అక్కడేదో వెతుకుతున్నట్టు.

సరిగ్గా అప్పుడే ఆ వెనక గోడ మేకుకి వేలాడే ఎర్ర ఫోన్ ఒకసారి మోగి ఆగిపోయింది.

బనా లుసే తలెత్తింది.

ఆ ఎర్ర ఫోన్లో ఉన్నది టాంజానియా సిమ్. ఈ బడ్డీ వెనక గోడకి తుండుమా టవరు సిగ్నల్ అందుతుంది. ఈ ఊళ్ళో సరిహద్దుని అంటుకుని ఉన్న ఇళ్ళన్నిటిదీ అదే తంతు, గదిలో ఈ మూల నుంచి ఆ మూలకి నడిస్తే ఫోన్ దేశం మార్చేస్తుంది. అవతల తిరిగే డ్రైవర్లు చవగ్గా అందుకునే ఫోన్ అదే. చవగ్గా అంటే మాట్లాడ్డానికి కాదు, మోగించి కట్ చెయ్యడానికి. ఒక్క రింగు, క్షేమంగా చేరాను. రెండు రింగులు, డేటా వెయ్యి. ఎత్తకపోతే ఖర్చు లేదు. కాబట్టి ఎవరూ ఎత్తరు. ఇక్కడ పాలు తాగే పిల్లలకి కూడా ఆ సంగతి తెలుసు.

ఫోన్ మళ్ళీ మోగింది. ఆగింది.

"డేటా కావాలేమో ఎవరికో" అన్నాడు సార్జెంట్.

బనా లుసే వేళ్ళు పెదాల మీదికి వెళ్ళాయి. మూడోది రాకూడదు అని ఆమె పెదాలు కదిలాయి.

మూడోసారి మోగింది. సిల్వింబా చెయ్యి చాచి, ఎర్ర ఫోన్ మేకు మీంచి లాగి, చెవికి పెట్టుకున్నాడు.

"హలో" అన్నాడు.

"ఎత్తకు!" బనా లుసే అరుపు సంతంతా వినబడి ఉంటుంది. "ఎందుకెత్తావయ్యా! ఎందుకెత్తావు!"

అతను కదల్లేదు. చెవికి గట్టిగా అదిమి పట్టుకుని, ఒక్క మాటా మాట్లాడకుండా విన్నాడు. నాలుగు క్షణాలు, మహా అయితే ఐదు. తర్వాత ఫోన్ తనంతట తనే నోరు మూసుకుంది. సిల్వింబా దాన్ని బల్ల మీద పడేశాడు.

"ఎవడో తాగుబోతు. రాంగ్ నంబర్."

"మూడు రింగులంటే ఆపదయ్యా!" బనా లుసే ఏడుస్తోంది. "ఉన్న కాస్త బ్యాలెన్సూ నువ్వే మింగేశావు. ఇంక వాడు రింగు కూడా ఇవ్వలేడు. నా దగ్గర పెట్టిపోయినోళ్ళందరూ పొద్దున్నే గొంతు పంపారు. పంపనోడు ఒక్కడే. ఒక్కడే!"

చిలేషే బల్ల మీది ఫోన్ వైపు, తర్వాత అతని వైపు చూసింది. టమాటాలమ్మిన తల్లి కొడుకు. ఈ సరిహద్దులో పాకడం నేర్చుకున్నవాడు. వాడికి తెలియదా, ఎత్తకూడదని? తెలియక ఎత్తిన చెయ్యి కాదది. అవతలి గొంతు ఎవరిదో పోల్చుకోవడానికీ, ఆ గొంతుకున్న ఒక్క దారీ మూసెయ్యడానికీ ఎత్తిన చెయ్యి. అందరి కళ్ళముందే ఒక మనిషి నోరు నొక్కేసి, చొక్కా మడత నలగకుండా నిలబడ్డాడు.

"మీ అమ్మ నీకు నేర్పని పని చేశావు రాడ్వెల్" అంది.

"మర్యాదగా మాట్లాడండి."

"మర్యాదా? అయిదు రోజుల్నించి ఒక ఆడమనిషి మొగుడు బతికున్నాడో లేదో తెలియక నీ గేటు దగ్గర కూచునుంటే, ఆమె గిన్నెలు బురదలో వేయించిన నీకా మర్యాద? ఫోన్లో ఎవరు మాట్లాడారు?"

"చెప్పానుగా, తాగుబోతని. సార్జెంట్, మీరు ఈవిణ్ణి స్టేషన్‌కి తీసుకెళ్ళండి. నాకు అర్జెంటు పనుంది." అతని మొహం మామూలుగానే ఉంది. కాళ్ళు మాత్రం మామూలుగా లేవు. డ్రైవర్లని తోసుకుంటూ దాదాపు పరిగెత్తాడు. ట్రక్కు వెనక్కి కదిలింది. ఆ ఆడగొంతు సగం మాటన్నది, ఎక్కిళ్ళు పెట్టింది, మళ్ళీ మొదట్నించీ అన్నది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ఆపండి సార్ వాణ్ణి!" అంది చిలేషే.

"ఏమని ఆపనమ్మా? ఫోన్ ఎత్తాడనా?" సార్జెంట్ నిజంగానే నలిగిపోతున్నాడు. "చట్టంలో అలాంటి నేరం లేదు."

చట్టంలో లేదు. నిజమే. ఎవడి బ్యాలెన్సో కాల్చేస్తే ఏ సెక్షన్ కింద పట్టుకుంటారు? చిలేషే పళ్ళు కొరుక్కుంటూ ఎర్ర ఫోన్ అందుకుంది. స్క్రీన్ మీద కొత్త నంబరు, టాంజానియాది.

"ఇది గెర్షోమ్‌దేనా?"

"పెద్ద ఫోన్ నంబరు కాదమ్మా. చిన్న ఫోన్ అయ్యుంటది. దొంగల భయానికి ఈళ్ళందరూ మేజోడులో ఒక బుల్లి ఫోన్ దాచుకుంటారు."

సార్జెంట్ చెయ్యి చాచాడు. "తిరిగి చేద్దాం, ఇవ్వండి."

"వద్దు!" ఇద్దరు ఆడవాళ్ళూ ఒకేసారి అన్నారు.

"మూడు వస్తే తిరిగి చెయ్యకూడదు" అంది బనా లుసే కళ్ళు తుడుచుకుంటూ. "వాడి పక్కన ఎవరున్నారో! ఇక్కడ మనం చేస్తే అక్కడ మోగుద్ది. డబ్బులేసి ఊరుకోవాలంతే. వీలు చూసుకుని వాడే చేస్తాడు."

ఆమె ఎర్ర ఫోన్ తీసుకుని వెనక గోడకి వీపు ఆనించి నిలబడింది. వేళ్ళు అంకెల మీద పరిగెత్తాయి. తన సంపాదనలోంచి తీసి ఆ నంబరుకి పంపింది. ఫోన్ బల్ల మీద పెట్టి ముగ్గురూ దాని చుట్టూ నిలబడ్డారు. బయట డ్రైవర్లలో ఒక్కడు దగ్గినా మిగతావాళ్ళు వాడి వైపు ఉరిమి చూస్తున్నారు.

చాలాసేపు ఏమీ లేదు.

మోగింది. ఒక రింగు. రెండు. మూడు. ఆగలేదు.

"ఇప్పుడు ఎత్తొచ్చు" అంది బనా లుసే, ఎత్తి, స్పీకరు పెట్టింది.

గుసగుస వినబడింది. "బనా లుసే... నేనే... గిన్నెకోళ్ళ గుడ్డ."

బనా లుసే చిలేషే వైపు చూసి తలూపింది. అడక్కుండానే వాడు తన గుడ్డ చెప్పాడు. గొంతు కూడా వాడిదే.

చిలేషే ఫోన్ దగ్గరికి వంగింది. "గెర్షోమ్, నేను సంఘం చిలేషేని. దెబ్బలు తగిలాయా? ఎక్కడున్నావు?"

"ఇనప పెట్టెలో అమ్మా. కంటైనర్. చీకటి. చేతుల కట్లు ఇవాళే ఊడదీసుకున్నా. లారీ తుండుమా దాటగానే ఎవరో వెనకనించి కొట్టారు, తర్వాత తెలీదు. టాంజానియాలోనే ఎక్కడో ఉన్నా. ఎంబేయా దగ్గరనుకుంటా."

"టాంజానియా అని ఎవరు చెప్పారు?"

"ఫోనే చెప్తోందిగా. పైన అక్కడి నెట్‌వర్కు పేరే ఉంది. మనదైతే మన పేరు చూపించాలిగా."

చిలేషే తలెత్తి, తాము నిలబడిన వెనక గోడ వైపు చూసింది. చేతిలోని ఎర్ర ఫోన్ మీద కూడా అదే పేరుంది. తన కాళ్ళు మాత్రం జాంబియాలో ఉన్నాయి.

"వాళ్ళ మాటలేమైనా విన్నావా?"

"నిన్న ఇద్దరు మాట్లాడుకున్నారు. వీడు నకోండేలోనే దొరకాలి, సారా పోసి ఏదో బారు వెనకాల పడేస్తే సరి, పొద్దుటికి శవం, అని..." ఊపిరి ఆగి ఆగి వస్తోంది. "ఇందాక నేను చేస్తే ఎవరో మొగాడు ఎత్తాడు. బనా లుసే ఎక్కడ, నేను గెర్షోమ్‌ని అని చెప్పేశానమ్మా. మాట్లాడలేదు. ఎవరతను?"

సార్జెంట్ మొహం బూడిద రంగుకి తిరిగింది.

"అమ్మా, ఏదో బండి వస్తోంది" అంది గుసగుస.

ఇంజను చప్పుడు. గేటు రేకు రాసుకున్న చప్పుడు. తర్వాత ఫోన్లోంచి, పల్చగా, ఒక ఆడగొంతు. జపాను భాషలో సగం మాట. ఎక్కిళ్ళు. మళ్ళీ మొదట్నించీ.

చిలేషే ఎర్ర ఫోన్ చేతిలోకి తీసుకుంది. ఈ ఊరికి సరిహద్దుని అంటుకుని యార్డు ఒక్కటే ఉంది. చిపుంగు కంపెనీ యార్డు. పాత కంటైనర్లు వరసగా పేర్చి ఉండేది అక్కడే. ఎస్నార్ట్ ఐదు రోజులుగా ఎండలో కూచున్నది ఆ గేటు ముందే. మొగుడు గోడకి అవతలే ఉన్నాడు.

"గెర్షోమ్, విను. నువ్వు టాంజానియాలో లేవు. మీ కంపెనీ యార్డులో ఉన్నావు. ఫోన్ కట్ చెయ్యకు, మేజోడులో పెట్టుకో. వస్తున్నాం."

"యార్డులోనా?" ఆ గుసగుసలో భయం కన్నా అవమానం ఎక్కువగా వినబడింది. "మన యార్డులోనా?"

"సార్జెంట్! ఇప్పుడు దొరికిందా సెక్షన్?"

సార్జెంట్ అప్పటికే బయట ఉన్నాడు. సిల్వింబా వెళ్ళాక లారీల వరస రోడ్డంతా మూసేసింది, బండి వెళ్ళదు. అందరూ సరిహద్దు వెంబడి కాలిబాట పట్టారు. ముందు సార్జెంట్, వెనక చిలేషే, ఆమె వెనక డ్రైవర్లందరూ. మోకాలు ప్రతి అడుగుకీ కరుస్తోంది. చిలేషే దాన్ని నోరారా తిట్టుకుంటూ, ఫోన్ చెవికి అదుముకుని పరిగెత్తింది. సిగ్నల్ ఒక్కసారి కూడా తెగలేదు. బాట పొడుగునా తుండుమా టవరే పలుకుతోంది.

ఫోన్లో గడియ లాగిన చప్పుడు. ఇనప తలుపు మూలుగు. బట్టల రాపిడి, ఒక దెబ్బ, ఇంకో దెబ్బ.

"ఎక్కడ దాచావురా? తియ్యి!"

గెర్షోమ్ కేక. తర్వాత ఎవరో ఫోన్ని నలుపుతున్నట్టు గరగర.

యార్డు గోడ కనబడింది. గేటు ముందు, బురద పట్టిన సంచీ ఒళ్ళో పెట్టుకుని కూచున్న ఎస్నార్ట్ లేచి నిలబడింది. ఇంతమంది ఎందుకు పరిగెత్తుకొస్తున్నారో ఆమెకి తెలియదు. గేటు ఓరగా తెరిచి ఉంది. లోపల తెల్ల ట్రక్కు వెనక భాగం కనిపిస్తోంది.

"హలో" అంది ఫోన్, ఇందాకటి గొంతుతోనే.

"ఎత్తావు కదా రాడ్వెల్. ఇంక పెట్టెయ్యకు" అంది చిలేషే రొప్పుతూ. "ఈసారి డబ్బులు చాలానే ఉన్నాయి. అందరం వింటున్నాం. నీ గేటు ముందే ఉన్నాం."

అవతల సిల్వింబా లోపలున్న ఎవరితోనో "గేటు మూసెయ్" అని రెండే మాటలన్నాడు. ఓరగా ఉన్న గేటు రేకు దభాలున మూసుకుంది. లోపల్నించి గొలుసు బిగించి తాళం వేసిన చప్పుడు చిలేషేకి ఫోన్లోనూ, బయటా ఒకేసారి వినబడింది.